ఒంట్లోని అక్షరాలకు పట్టిక వేసిన మార్గరెట్

మీది బాన్సువాడ అనుకోండి. ఇంట్లో పెళ్లి కుదిరిన అమ్మాయి ఉంది. కొన్నాళ్లుగా నీరసంగా ఉంటోందని రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ తక్కువ వచ్చింది. ఐరన్ మాత్రలు మూడు నెలలు వేసుకున్నా అంకె పెద్దగా కదల్లేదు. అప్పుడు డాక్టర్ ఇంకో పరీక్ష రాస్తారు. అది హిమోగ్లోబిన్ ఏ2 ఎంత ఉందో చూసే పరీక్ష. అది ఉండాల్సిన దానికన్నా ఎక్కువుంటే అమ్మాయి బీటా థలసేమియా వాహకురాలు కావచ్చు. వాహకురాలైతే ఆమె ప్రాణానికేమీ ముప్పు లేదు. కానీ పెళ్లికొడుకు కూడా వాహకుడైతే పుట్టబోయే ప్రతి బిడ్డకూ తీవ్రమైన థలసేమియా వచ్చే అవకాశం నూటికి 25 పాళ్లు. ఆ బిడ్డకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సి వస్తుంది. అందుకే డాక్టర్ జన్యుపరీక్ష కూడా చేయించమంటారు.

కొందరికి ఆ రిపోర్టులో ఒక విచిత్రమైన మాట కనిపిస్తుంది. హిమోగ్లోబిన్ తయారు చేసే జన్యువులో తప్పేమీ లేదు, జన్యువుకు ముందున్న భాగంలో ఒక్క అక్షరం మాత్రం మారింది అని. జన్యువు బాగానే ఉంటే రక్తం ఎందుకు తగ్గింది? మీకు ఈ ప్రశ్న రావడం సహజం.

నిజాంసాగర్ కాలువ కింద సేద్యం చేసిన వారికి దీన్ని చెప్పడం తేలిక. పొలం మంచిదైనా, కాలువ నిండా నీళ్లున్నా, తూము ఎత్తకపోతే మడి తడవదు. లస్కర్ వచ్చి షట్టర్ ఎత్తాలి. ఎంత ఎత్తాడన్న దాన్ని బట్టి నీళ్లు పారతాయి. మన కణాల్లోనూ అలాంటి లస్కర్లు ఉన్నారు. వాటిని ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. ఇవి ఒక రకం ప్రొటీన్లు. జన్యువుకు దగ్గర్లో, కొన్నిసార్లు దూరంలో ఉండే కొన్ని అక్షరాల మీద వచ్చి కూర్చుని ఆ జన్యువు పని చేయాలా వద్దా, ఎంత చేయాలి అన్నది నిర్ణయిస్తాయి. మనిషిలో ఇవి దాదాపు 1600 రకాలు. ఒక్కొక్కటీ తనదైన అక్షరాల వరుసను గుర్తుపడుతుంది. తూము దగ్గర ఒక అక్షరం మారితే లస్కర్ సరిగా కూర్చోలేడు. పొలం మంచిదే, నీళ్లే తక్కువ పారతాయి.

ఏ లస్కర్ ఏ తూమును గుర్తుపడతాడో రాసిపెట్టిన పెద్ద పట్టికలు ఇప్పుడు ప్రపంచంలో ఉన్నాయి. వాటిని ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. శరీరంలోని ఇలాంటి అక్షరాలను ఒకచోట పోగుచేసి, కంప్యూటరుకెక్కించి, అందరికీ అందించాలన్న అలవాటును మొదలుపెట్టిన వారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు మార్గరెట్ డేహాఫ్. ఆమె డాక్టర్ కాదు. ఒక్క రోగికీ మందు రాయలేదు. అయినా ఈనాటి జన్యుపరీక్ష రిపోర్టు వెనక ఆమె చేసిన పని ఉంది.

లెక్కల టీచర్ కూతురు

మార్గరెట్ 1925 మార్చి 11న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టారు. పుట్టింటి పేరు ఓక్లీ. తల్లి రూత్ హైస్కూల్లో లెక్కల టీచర్. తండ్రి కెన్నెత్ చిన్న వ్యాపారి. ఒక్కగానొక్క బిడ్డ. ఆమెకు పదేళ్లప్పుడు కుటుంబం న్యూయార్క్‌కు మారింది. చదువులో ఎప్పుడూ ముందే. 1942లో హైస్కూల్ ప్రథమురాలిగా బయటికొచ్చి, స్కాలర్‌షిప్‌తో న్యూయార్క్ యూనివర్సిటీలో చేరి, 1945లో గణితంలో డిగ్రీ పూర్తిచేశారు. ఆ తర్వాత కొలంబియా యూనివర్సిటీలో రసాయనశాస్త్రం వైపు వెళ్లి 1948లో పీహెచ్‌డీ అందుకున్నారు.

ఆ పీహెచ్‌డీలోనే ఆమె జీవితపు దారి పడింది. అప్పట్లో పెద్ద కంపెనీలు జీతాల లెక్కలు, సరుకు లెక్కలు చూసుకోవడానికి చిల్లులు పొడిచిన అట్టముక్కలతో నడిచే యంత్రాలు వాడేవి. ఏ గడిలో చిల్లు ఉందో చూసి యంత్రం అంకెను చదివేది. మార్గరెట్ ఆ వ్యాపార యంత్రాలతో రసాయన అణువుల్లోని శక్తిని లెక్కగట్టారు. చేత్తో చేస్తే తెమలని లెక్కను యంత్రానికి అప్పగించవచ్చని, అయితే ముందుగా సమాచారాన్ని యంత్రం చదవగలిగే వరుసలో పేర్చాలని ఆమెకు అక్కడే అర్థమైంది. తర్వాత జీవితమంతా ఆమె చేసింది ఈ పేర్పు పనే.

ఇంటిపట్టున గడిచిన ఏళ్లు

1948లోనే ఆమెకు పెళ్లయింది. భర్త ఎడ్వర్డ్ డేహాఫ్ భౌతికశాస్త్రవేత్త. పెళ్లయ్యాక మూడేళ్లు న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో పరిశోధన చేశారు. 1952లో భర్త ఉద్యోగం కోసం కుటుంబం వాషింగ్టన్ ప్రాంతానికి మారింది. ఇద్దరు ఆడపిల్లలు, రూత్, జూడిత్. పిల్లల పెంపకంతో ఆ దశాబ్దంలో ఎక్కువ కాలం ఆమె పరిశోధనకు దూరంగా ఉన్నారు. మధ్యలో 1957 నుంచి రెండేళ్లు మేరీలాండ్ యూనివర్సిటీలో పనిచేశారు.

ఆ విరామానికి తర్వాత మూల్యం చెల్లించాల్సి వచ్చింది. 1960ల మొదట్లో పరిశోధన నిధులు అడిగినప్పుడు, వేగంగా మారుతున్న ఈ రంగానికి ఆమె కొంతకాలంగా దూరంగా ఉన్నారన్న అభ్యంతరం ఎదురైంది. పిల్లల కోసం ఉద్యోగం ఆపి, మళ్లీ మొదలుపెట్టబోయిన మన ఆడవాళ్లలో చాలామందికి ఈ మాట కొత్త కాదు. మార్గరెట్ వాదనకు దిగలేదు, పనిలోకి దిగారు.

1960లో ఆమె నేషనల్ బయోమెడికల్ రిసెర్చ్ ఫౌండేషన్ అనే చిన్న సంస్థలో చేరారు. దాన్ని నడిపింది రాబర్ట్ లెడ్లీ. దంతవైద్యం చదివి, ఆపైన భౌతికశాస్త్రం చదివి, వైద్యానికి కంప్యూటర్ పనికొస్తుందని అందరికన్నా ముందు నమ్మిన మనిషి. తర్వాతి రోజుల్లో శరీరం మొత్తాన్ని తీయగల సీటీ స్కానర్‌ను తయారుచేసింది ఈయనే. ఆ చిన్న సంస్థలో ఒక పక్క శరీరాన్ని బొమ్మగా చూసే యంత్రం ఆలోచన, ఇంకో పక్క శరీరాన్ని అక్షరాలుగా చదివే మార్గరెట్ పని సాగాయి.

చిరిగిన పెళ్లిపత్రికలు

అక్షరాలు అంటే ఏమిటో ఇక్కడ కొంచెం ఆగి చూద్దాం. మన ఒంట్లోని ప్రొటీన్లన్నీ దాదాపు 20 రకాల అమైనో ఆమ్లాల గొలుసులు. అక్షరాలు వరుసగా పేర్చితే మాట అయినట్టు, అమైనో ఆమ్లాల వరుసను బట్టి ప్రొటీన్ తయారవుతుంది. షుగర్ రోగులకు తెలిసిన ఇన్సులిన్‌లో ఇవి 51. ఆ 51 ఏ వరుసలో ఉన్నాయో 1950ల్లో ఇంగ్లండ్‌లో ఫ్రెడరిక్ సాంగర్ తేల్చారు. అందుకు ఆయనకు 1958లో నోబెల్ వచ్చింది.

వరుసను తేల్చడం ఎంత కష్టమంటే, మొత్తం గొలుసును ఒకేసారి చదవలేరు. ముక్కలు చేసి చదవాలి. ఒకే పెళ్లిపత్రిక ప్రతులు నాలుగు తీసుకుని ఒక్కోదాన్ని ఒక్కో రకంగా చింపి కలిపేశారనుకోండి. ఒక ముక్క చివర ఉన్న మాట ఇంకో ముక్క మొదట్లో కనిపిస్తే ఆ రెండూ పక్కపక్కనే ఉండేవని తెలుస్తుంది. అలా అతికించుకుంటూ పోతే మొత్తం పత్రిక బయటపడుతుంది. ఈ అతుకు పనికి మనుషులకు నెలలు పట్టేది. మార్గరెట్, లెడ్లీ కలిసి 1962లో కాంప్రొటీన్ అనే ప్రోగ్రామ్ రాసి, ఆనాటి పెద్ద కంప్యూటర్ ఐబీఎం 7090 మీద ఈ పని నిమిషాల్లో చేయవచ్చని చూపించారు. నేటి జన్యుపరీక్షలో కోట్ల ముక్కలను యంత్రం అతికించడం వెనక ఉన్న ఆలోచన కూడా ఈ కోవలోదే.

65 ప్రొటీన్ల పుస్తకం

అప్పటికి ప్రపంచంలో వేర్వేరు ప్రయోగశాలలు వేర్వేరు ప్రొటీన్ల వరుసలు తేలుస్తున్నాయి. కానీ ఒక్కొక్కటీ ఒక్కో పత్రికలో, ఒక్కో పద్ధతిలో అచ్చయ్యేది. ఒక చోటి ఫలితం ఇంకోచోటి వారికి తెలిసేది కాదు. మార్గరెట్ తన సహచరులతో కలిసి వాటన్నిటినీ వెతికి, తప్పులు సరిచూసి, ఒకే పద్ధతిలో రాసి, 1965లో ప్రొటీన్ వరుసల అట్లాస్ పేరుతో పుస్తకం తెచ్చారు. అందులో 65 ప్రొటీన్లు. ప్రపంచానికి అప్పటివరకూ తెలిసినవి ఒక్క పుస్తకంలో ఇమిడాయి. తర్వాతి పదమూడేళ్లలో కొత్త కూర్పులు, అనుబంధాలు వస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ పుస్తకం లావెక్కింది.

ఈ పనిలో ఆమె చేసిన ఒక చిన్న మార్పును ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది. అంతకుముందు ఒక్కో అమైనో ఆమ్లాన్ని మూడక్షరాలతో రాసేవారు. అట్టముక్క మీద చోటు తక్కువ. అందుకని ఆమె ఒక్కోదానికి ఒక్క అక్షరమే పెట్టారు. చోటు మూడో వంతుకు తగ్గింది, పోల్చడం తేలికైంది. నేటి జన్యుపరీక్ష రిపోర్టుల్లో మార్పును సూచించడానికి అక్షరం, అంకె, మళ్లీ అక్షరం రాస్తుంటారు. ఆ ఒంటి అక్షరాలు అక్కడినుంచి వచ్చినవే.

పుస్తకం పోగుచేయడం గుమాస్తా పని అని కొందరు చిన్నచూపు చూశారు. ప్రయోగం చేసినవాడిదే గొప్ప, ఫలితాన్ని రాసుకున్నవాళ్లది ఏముంది అన్న ధోరణి ఉండేది. కానీ అన్నీ ఒకచోట చేరాకే, ఒక్కొక్కటిగా ఉన్నప్పుడు కనిపించని సంగతులు కనిపించాయి. మనిషి ప్రొటీన్‌నూ, గుర్రం ప్రొటీన్‌నూ, ఈస్ట్ ప్రొటీన్‌నూ పక్కపక్కన పెడితే ఎక్కడెక్కడ అక్షరాలు మారాయో, ఎక్కడ కోట్ల ఏళ్లుగా మారలేదో తేలింది. మారని చోటే ప్రాణాధారమైన చోటు.

మార్పుకు మార్కులు

ఇక్కడ ఆమె ఇంకో అడుగు వేశారు. దగ్గరి చుట్టాలైన ప్రొటీన్లను 71 గుంపులుగా చేసి, వాటిలో జరిగిన 1572 మార్పులను లెక్కించారు. ఏ అక్షరం బదులు ఏ అక్షరం తరచుగా వస్తోంది, ఏది అరుదుగా వస్తోంది అన్నది 20 అడ్డువరుసలు, 20 నిలువువరుసల పట్టికగా వేశారు. గాలివాటంగా జరిగితే ఎన్నిసార్లు జరగాలి, నిజంగా ఎన్నిసార్లు జరిగింది అని పోల్చి ఒక్కో మార్పుకు మార్కు ఇచ్చారు. 1978లో అచ్చైన ఈ పట్టికలను పామ్ పట్టికలు అంటారు. రెండు ప్రొటీన్లు చుట్టాలా కాదా అన్నది కంటిచూపుతో కాక మార్కులతో తేల్చే వీలు దీంతో వచ్చింది.

దీని విలువ 1982లో అందరికీ కనిపించింది. కోళ్లలో క్యాన్సర్ తెచ్చే ఒక వైరస్‌లో సార్క్ అనే జన్యువు ఉంది. అది తయారుచేసే ప్రొటీన్ వరుసను మార్గరెట్, ఆమె సహచరి వినోనా బార్కర్ తమ పట్టికతో పోల్చారు. పాలిచ్చే జంతువుల కణాల్లో మామూలుగా పనిచేసే కైనేజ్ అనే ప్రొటీన్‌తో దానికి చుట్టరికం బయటపడింది. కణంలో రోజూ పనిచేసే యంత్రానికి చుట్టమైనదే పట్టుతప్పితే క్యాన్సర్‌కు దారితీస్తుందన్న అవగాహనకు ఇలాంటి పోలికలు బలం చేకూర్చాయి. ఈరోజు ఒక రకం రక్త క్యాన్సర్‌కు మన ఊళ్లలో కూడా వాడుతున్న ఇమాటినిబ్ మాత్ర అడ్డుకునేది ఒక కైనేజ్‌నే.

చేజారిన పోటీ

1970ల చివరికి డీఎన్‌ఏ అక్షరాలను నేరుగా చదివే పద్ధతులు వచ్చాయి. సమాచారం వరదలా మొదలైంది. 1980లో మార్గరెట్ బృందం తమ డీఎన్‌ఏ వరుసల నిల్వను టెలిఫోన్ లైన్ ద్వారా దూరం నుంచి వాడుకునే ఏర్పాటు చేసింది. ఇంటర్నెట్ అన్న మాట సామాన్యులకు తెలియని రోజులవి. దూరపు ప్రయోగశాలలో ఉన్న మనిషి ఫోన్ కలిపి జన్యు అక్షరాలు వెతుక్కోవడం అప్పటికి కొత్త.

ఇంతలో అమెరికా ప్రభుత్వం జాతీయ డీఎన్‌ఏ భాండాగారం ఒకటి పెట్టాలనుకుంది. ఇరవై ఏళ్లుగా ఈ పనిలో ఉన్న మార్గరెట్ సంస్థ పోటీపడింది. లాస్ అలమోస్ ప్రయోగశాల బృందం కూడా పోటీలో ఉంది. 1982లో ఫలితం వచ్చింది. పని లాస్ అలమోస్ వైపుకు వెళ్లింది. అదే తర్వాత జెన్‌బ్యాంక్ అయింది.

ఎందుకిలా జరిగింది? ఈ సంగతి ఆమెను గొప్పగా చెప్పే వ్యాసాల్లో కొన్నిసార్లు దాటేస్తారు. మనం దాటవేయనక్కర్లేదు. మార్గరెట్ అట్లాస్‌ను అమ్మేవారు. నిల్వ చేసిన సమాచారాన్ని ఇతరులు తిరిగి పంచడం మీద కట్టుబాట్లు ఉండేవి. చిన్న సంస్థ, ప్రభుత్వ నిధులు చాలవు, జీతాలివ్వాలంటే అమ్మక తప్పలేదు. కానీ వరుసలు తేల్చిన శాస్త్రవేత్తలకు అది నచ్చలేదు. మేం కష్టపడి తేల్చింది మీకిస్తే, మీరు పుస్తకం చేసి మాకే అమ్మడమేమిటన్న బాధ వారిది. లాస్ అలమోస్ వారు సమాచారం అందరిదీ, ఎవరైనా వాడుకోవచ్చు అన్నారు. ప్రభుత్వం ఆ వైపు మొగ్గింది.

ఇద్దరిలోనూ న్యాయముంది. పోగుచేసే చేతులకు కూలి ఉండాలి. పోగైన సమాచారం అందరికీ అందాలి. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడం ఇప్పటికీ తేలని సమస్యే. అందుకే పరాజయంతో ఆమె పని విలువ తగ్గదు. అందరికీ ఇవ్వాలన్న వాదన పుట్టాలన్నా, ఇవ్వడానికి ముందు ఎవరో ఒకరు పోగుచేసి ఉండాలి కదా.

మార్గరెట్ ఆగలేదు. ప్రొటీన్ సమాచారం కోసం శాశ్వతమైన కేంద్రం ఒకటి ఉండాలని కొత్త ప్రతిపాదన సిద్ధం చేశారు. దాన్ని పంపిన కొద్ది రోజులకే, 1983 ఫిబ్రవరి 5న, గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 57 ఏళ్లు. మరుసటి ఏడాది లెడ్లీ, బార్కర్ ఆ కేంద్రాన్ని నిలబెట్టారు. బయోఫిజికల్ సొసైటీకి ఆమె కార్యదర్శిగా, తర్వాత అధ్యక్షురాలిగా పనిచేశారు. ఆ సొసైటీ 1984 నుంచి పరిశోధనలో తొలి అడుగులు వేస్తున్న మహిళలకు ఆమె పేరుతో అవార్డు ఇస్తోంది.

లస్కర్ల పట్టిక ఎలా ఉంటుంది

ఇప్పుడు మన అమ్మాయి రిపోర్టుకు తిరిగొద్దాం. మార్గరెట్ పోగుచేసింది ఎక్కువగా ప్రొటీన్ల అక్షరాలు. తూముల అక్షరాలను పోగుచేసే పని 1980ల్లో ఇతరులు అందుకున్నారు. పద్ధతి మాత్రం ఆమె దారికి దగ్గరిదే.

డీఎన్‌ఏలో అక్షరాలు నాలుగే. ఏ, సీ, జీ, టీ. ఎర్ర రక్తకణాల తయారీలో గాటా-1 అనే లస్కర్ ఉన్నాడు. అతను వెతికేది జీ, ఏ, టీ, ఏ అన్న నాలుగక్షరాల వరుస. అందుకే ఆ పేరు. కానీ అటూఇటూ ఉన్న అక్షరాలూ ముఖ్యమే. అతను కూర్చున్న పది చోట్లు సేకరించామనుకోండి. పదింటినీ ఒకదాని కింద ఒకటి రాస్తే, మధ్యలో నాలుగక్షరాలు అన్నింటిలో ఒకటే. వాటికి ముందున్న చోట మాత్రం ఏడింటిలో ఏ, మూడింటిలో టీ ఉండొచ్చు. ఒక్కో నిలువువరుసలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కిస్తే నాలుగు అడ్డువరుసల చిన్న పట్టిక తయారవుతుంది. అదే ఆ లస్కర్ ముద్ర. శాస్త్రవేత్తలు దాన్ని బైండింగ్ ప్రొఫైల్ అంటారు. గాలివాటంగా అయితే ఎంత, నిజంగా ఎంత అని పోల్చి మార్కులు ఇవ్వడం ఇక్కడా ఉంది. పామ్ పట్టికలో చూసిన లెక్కే ఇది.

ఇలాంటి ముద్రలు వేలల్లో ఉంటే దాచేదెలా, కావాల్సింది వెతికి తీసేదెలా? ఇక్కడ ఇంకో మనిషి పని అక్కరకొచ్చింది. ఎడ్గార్ కాడ్ అనే ఇంగ్లండ్ గణితవేత్త. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు నడిపి, తర్వాత అమెరికాలో ఐబీఎంలో చేరారు. 1970లో రిలేషనల్ డేటాబేస్ ఆలోచనను ప్రకటించారు. సంగతి సులువు. అన్నీ ఒకే పెద్ద రిజిస్టర్‌లో కుక్కకుండా, ఒక్కో రకం వివరానికి ఒక్కో పట్టిక పెట్టాలి. పట్టికలను ఒక నంబర్‌తో కలపాలి.

ఆసుపత్రిలో చూస్తే ఇది తెలుస్తుంది. ఒకే రోగి పేరు ఓపీ చీటీలో ఒకలా, ల్యాబ్ పుస్తకంలో ఇంకోలా, మందుల లెక్కలో మరోలా రాస్తే ముగ్గురు రోగులైపోతారు. అదే పేరు, వయసు, ఊరు ఒక్కచోటే రాసి ఒక నంబర్ ఇస్తే, ల్యాబ్ వాళ్లు, మందుల వాళ్లు ఆ నంబరే రాసుకుంటారు. ఊరి పేరు తప్పైతే ఒక్కచోట దిద్దితే చాలు, అన్నిచోట్లా దిద్దినట్టే.

లస్కర్ల ముద్రలను కూడా ఇలాగే దాస్తారు. 2004లో మొదలైన జాస్పర్ అనే డేటాబేస్‌ను చూడండి. మొదట అందులో 111 ముద్రలు. ఇప్పుడు రెండు వేలు దాటాయి. ఒక పట్టికలో ముద్ర నంబరు, పేరు. రెండో పట్టికలో అంకెలు, అంటే ఏ అక్షరం, ఎన్నో గడి, ఎన్నిసార్లు. మూడో పట్టికలో ఏ జీవికి సంబంధించింది. నాలుగో దానిలో ఏ ప్రొటీన్. ఇంకోదానిలో ఏ పరిశోధన నుంచి తీసుకున్నారు, ఏ పద్ధతిలో తేల్చారు అన్న వివరాలు. అన్నిటినీ కలిపేది ఆ నంబరే. గాటా-1 నంబరు ఎంఏ0035. కొత్త ప్రయోగాలతో ముద్ర మెరుగైతే పాతదాన్ని చెరిపేయరు. నంబరు పక్కన చుక్క పెట్టి 2, 3 అని కూర్పు సంఖ్య వేస్తారు. పదేళ్ల కింద పాత కూర్పుతో వచ్చిన ఫలితాన్ని ఎవరైనా మళ్లీ సరిచూసుకోవచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది అందరికీ ఉచితం. 1982లో గెలిచిన వాదన ఇందులో కనిపిస్తుంది. దాచిన తీరులో మార్గరెట్ క్రమశిక్షణ కనిపిస్తుంది.

ల్యాబ్‌లో మార్పు దొరికినప్పుడు ఏం చేస్తారంటే, మారకముందు వరుసనూ, మారిన వరుసనూ ఈ ముద్రల పక్కన పెట్టి మార్కులు చూస్తారు. బీటా గ్లోబిన్ జన్యువు ముందు సీఏసీసీసీ అనే వరుస ఉంది. అక్కడ కేఎల్‌ఎఫ్-1 అనే లస్కర్ కూర్చుంటాడు. అందులో ఒక సీ బదులు టీ వస్తే అతనికి పట్టు దొరకదు. హిమోగ్లోబిన్ తయారీ తగ్గుతుంది, తేలికపాటి థలసేమియా లక్షణం వస్తుంది. భారతీయుల్లోనూ కనిపించిన మార్పు ఇది. అమ్మాయికి ఐరన్ మాత్రలు ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలిసింది. లోపం ఇనుములో లేదు, తూములో ఉంది.

ఒక హెచ్చరిక కూడా ఉంది. పట్టికలో మార్కులు వచ్చినంత మాత్రాన తీర్పు కాదు. ఆరు అక్షరాల వరుస ఏదైనా గాలివాటంగా ప్రతి 4096 అక్షరాలకు ఒకసారి కనిపించవచ్చు. మన డీఎన్‌ఏలో దాదాపు 300 కోట్ల అక్షరాలున్నాయి. అంటే ఏడు లక్షలకు పైగా చోట్ల ఆ వరుస ఉండొచ్చు. అన్నిచోట్లా లస్కర్ కూర్చోడు. పట్టిక సూచన మాత్రమే ఇస్తుంది. రుజువు ప్రయోగంతో, కుటుంబ చరిత్రతో, రక్తపరీక్షతో కలిపి చూస్తేనే దొరుకుతుంది.

తూము తెలిస్తే వైద్యం తెలుస్తుంది

తూముల అక్షరాలు తెలియడం వల్ల ఇప్పటికే ఒక కొత్త వైద్యం వచ్చింది. తల్లి కడుపులో ఉన్నప్పుడు బిడ్డ వేరే రకం హిమోగ్లోబిన్‌తో బతుకుతుంది. పుట్టాక బీసీఎల్11ఏ అనే ప్రొటీన్ ఆ పాత జన్యువును మూసేస్తుంది. ఎర్ర రక్తకణాల్లో ఈ బీసీఎల్11ఏ తయారు కావడానికి గాటా-1 కూర్చునే చోటు ఒకటి అవసరం. రోగి మూలకణాలు బయటికి తీసి, సరిగ్గా ఆ చోటును కత్తిరించి తిరిగి ఎక్కిస్తే, మూతపడిన శిశువు హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది. ఈ చికిత్సకు 2023 నవంబరులో బ్రిటన్, ఆ తర్వాత నెలలో అమెరికా అనుమతినిచ్చాయి. అమెరికాలో దీని ధర 22 లక్షల డాలర్లు. మనకు ఇప్పట్లో అందేది కాదు. కానీ దారి ఉందని తెలిసింది.

మనకు ఈరోజే అందుబాటులో ఉన్నది నివారణ. మన దేశంలో సగటున నూటికి ముగ్గురు నలుగురు బీటా థలసేమియా వాహకులు. ఐరన్ వేసుకున్నా హిమోగ్లోబిన్ పెరగకపోతే మాత్రలు మార్చుకుంటూ పోకండి. హిమోగ్లోబిన్ ఏ2 పరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి. వీలైతే పెళ్లికి ముందే, లేదంటే గర్భం అని తెలిసిన వెంటనే చేయించుకోండి. భార్యాభర్తలిద్దరూ వాహకులైతే గర్భం తొలి నెలల్లోనే బిడ్డకు పరీక్ష చేయవచ్చు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ లాంటి సంస్థలు జన్యు నిర్ధారణలో పనిచేస్తున్నాయి. వాహకులని తేలినంత మాత్రాన పెళ్లి ఆపుకోనక్కర్లేదు, అమ్మాయిని తప్పుపట్టనూ అక్కర్లేదు. ఆ అక్షరం తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చింది. ఆమె చేసిన తప్పేమీ లేదు.

ఇంకొక్క మాట. ఇంట్లో ప్రతి ఒక్కరి రక్తపరీక్ష కాగితాలు తేదీల వారీగా ఒక్క ఫైల్‌లో పెట్టుకోండి. పేరు అన్నిటిలో ఒకేలా ఉందో లేదో చూసుకోండి. ఐదేళ్ల కిందటి అంకె, నిరుడి అంకె, నిన్నటి అంకె పక్కపక్కన కనిపిస్తే డాక్టర్‌కు సగం దారి దొరికినట్టే. మార్గరెట్ డేహాఫ్ 65 ప్రొటీన్లతో చేసింది కూడా ఇదే. చెదిరి ఉన్నవాటిని ఒకచోట చేర్చారు, ఒకే పద్ధతిలో రాశారు, పక్కపక్కన పెట్టి చూశారు.